పదార్థాలు – పద్ధతులు

థీసిస్ మూడో అధ్యాయం, రెండో పేరా:
"రొయ్య పెంకులు స్థానికంగా సేకరించబడినవి."
నాలుగు మాటలు.
నాలుగేళ్ళ మంగళవారాలు అందులో ఎట్టా పట్టాయో.

ముత్తుకూరు నుంచి తిరుగు బస్సులో
ఒళ్ళో ఐసు పెట్టె, దానిమీద నా చేతులు.
"ఏం చేపలు మే?" కండక్టరు.
"చేపలు కాదన్నా, చదువు."
ముందు సీట్లో ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

షెడ్డులో పెంచలక్క నాకోసం
వనామీ పెంకులు వేరే గంపలో వేసి ఉంచుతుంది.
తలలు వద్దన్నానని తలలు ఏరేసి,
"నీ పీహెచ్‌డీకి తోకలు పనికొస్తయ్యా?" అని నవ్వుతుంది.
నిమిషానికి ఎన్ని వొలుస్తుందో లెక్కపెడదామని
ప్రతిసారీ ఇరవై దాటాక తప్పిపోతాను.
ఐసునీళ్ళలో నాని నాని
ఉడకబెట్టిన శెనక్కాయల్లా ఆమె వేళ్ళు.
గోరు మూలల్లో చీలికలు
మానేలోపే ఇంకో లోడు దిగుద్ది.

పెంకుని ఆమ్లంలో వేస్తే సున్నం నురగై లేచిపోతుంది.
క్షారంలో వేస్తే మాంసకృత్తులు కరుగుతాయి.
మిగిలినదాన్ని ఇంకాస్త సతాయిస్తే కైటోసాన్.
బీటెక్ మొదటిరోజు జిలానీ సారు బోర్డు మీద రాశారు:
"దేహం ఒక కట్టడం. మరమ్మతు మన సబ్జెక్టు."
డాక్టరు సీటు తప్పిపోయి
వెనక బెంచీలో ఏడుస్తూ కూచున్నా నేను.
మరమ్మతు అనే మాట ఒక్కటే చెవిన పడింది.

మొదటి బ్యాచి మేడ మీద ఆరబెడితే కాకులు తిన్నాయి.
రెండోది రోహిణి ఎండకి పసుపు తిరిగింది.
మూడోదాని మీద కణాలు వేశాం, కరెంటు పోయింది.
బయట నలభై ఐదు.
పెట్టె లోపల ముప్పై ఏడు దాటకూడదు,
మనిషి ఒంటి వేడి, అంతే.
అటెండరు మాల్యాద్రి తడి గోనెలు కప్పి
అట్టముక్కతో సాయంత్రందాకా విసిరాడు.
"బతికుండాయా మే?" అని గంటకోసారి.
బతకలేదు.
సీరం సీసా ఖరీదు నా రూము అద్దెకి మూడింతలు.
ఫెలోషిప్పు ఎనిమిది నెలలుగా వస్తూనే ఉంది.

నాలుగోది
పుల్లట్టులా కళ్ళు కళ్ళుగా, తెల్లగా, తేలిగ్గా.
ఆ కళ్ళల్లోకి కణాలు పాకాయి.
పదో రోజు మైక్రోస్కోపులో చూస్తే
వరసలు వరసలుగా సుడులు తిరిగి
అచ్చం ఒక వేలిముద్ర.

చూస్తూ చూస్తూ లేచి బయటికొచ్చేశాను.
పోయిన నెల రేషన్ షాపులో
పెంచలక్క బొటనవేలు మిషను మీద నాలుగుసార్లు పెట్టింది.
తుడిచి, ఊది, చీరకి రుద్ది మళ్ళీ పెట్టింది.
"పడలా" అన్నాడు డీలరు.
అరిగిపోయింది ఎక్కడికి పోయిందో అనుకున్నానప్పుడు.

పేరా తిరగరాశాను.
"ముత్తుకూరు షెడ్డులో పెంచలమ్మ అనే ఆమె
పదహారేళ్ళుగా వొలుస్తున్న..."
సారు ఎర్రపెన్ను కదలకుండా చాలాసేపు పట్టుకుని
చివరికి గీత కొట్టేశారు. మెల్లిగానే.
"ఇది పదార్థం కాదమ్మా. పద్ధతీ కాదు."
మరి ఏంటి సార్ అని అడగలేదు నేను.

మంగళవారం తెల్ల ముక్క ఒకటి డబ్బాలో పెట్టి
చూపించడానికి తీసుకుపోయాను.
వెలుగుకి అడ్డం పట్టి చూసింది.
"ఇది మన రొయ్యేనా!
ఒక ముక్కియ్యి మే, ఈ బొటనేలికి చుట్టుకుంటా."
కమిటీ అనుమతి లేకుండా మనిషి మీద వేయకూడదక్కా
అని డబ్బా మూత పెట్టాను.
నా చేతికి నేనే పరాయిదాన్నయ్యాను ఆ మూత బిగించేటప్పుడు.
"సర్లే. వేస్తే మంటెత్తుద్దా?"

ఫలితాల పట్టికలన్నీ కళ్ళముందు తిరిగాయి.
బతికిన కణాలు తొంభై ఒక్క శాతం,
రంధ్రాల కొలత, సాగే గుణం, కరిగే రోజులు.
మంటకి గడి లేదు.
గాజుపళ్ళెంలో కణానికి నోరు లేదు గదా.

"తెలీదక్కా."

పెంచలక్క ఇంకో గంప ముందుకి లాక్కుంది.
"తెలుసుకోని రా.
వచ్చే మంగళారానికి."